రెండు నీలాల్లో ఏది? గది గోడకు రంగు తేల్చుకునే పద్ధతి, మెట్టు మెట్టుగా

శ్రీకాకుళంలో సంక్రాంతికి నెల ముందు నుంచే ఇళ్లకు రంగులు మొదలవుతాయి. అక్టోబరు, నవంబరు వానలు తగ్గి, తుపానుల భయం తీరి, గోడలు ఆరే సమయం అది. పోయిన డిసెంబరులో మేమూ అమ్మ గదికి రంగు వేయించాలనుకున్నాం. నీలమే కావాలని అమ్మ కోరిక. చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో వెల్ల వేసే సున్నంలో నీలిమందు కలిపేవారట. ఆ గోడల చల్లదనం ఆమె కళ్లలో ఇంకా ఉంది. షేడ్ కార్డులోని ఇరవై నీలాలను రెండుకు తగ్గించడానికి మాకు పది నిమిషాలు పట్టింది. ఆ రెండింటిలో ఒకటి తేల్చుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది.

ఆ పన్నెండు రోజులు ఎందుకు పెట్టామంటే, రెండేళ్ల ముందు ఒక దెబ్బ తిన్నాం. ముందు గదికి ఇలాగే రెండు నీలాల్లో ఒకదాన్ని దుకాణంలో నిలబడి అక్కడికక్కడే ఎంచుకున్నాం. కార్డు మీద లేత ఆకాశంలా ఉన్న రంగు, సాయంత్రం గదిలో దీపాలు వేయగానే వంకాయ పువ్వు రంగుకు తిరిగింది. నాలుగు లీటర్ల రంగు, నాలుగు రోజుల కూలి పెట్టాక మళ్లీ వేయించే వీలు లేకపోయింది. రోజూ సాయంత్రం ఆ గోడలను చూస్తున్నప్పుడే నాకు ఒక సంగతి అర్థమైంది. రెండు నీలాల్లో ఏది అందంగా ఉందని అడిగితే జవాబు దొరకదు. ఈ గదిలో, మనం మెలిగే వేళలో, ఏది నీలంగా నిలుస్తుందని అడగాలి. దానికి జవాబు దొరుకుతుంది. అది దొరకబట్టే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, నీలంతోనే ఈ చిక్కు ఎందుకు

నీలం విషయంలో మన కన్నే ఒక మెలిక పెడుతుంది. కంటి లోపలి తెరలో, సూటిగా చూసేటప్పుడు పనిచేసే నట్టనడుమ చిన్న చోట, నీలాన్ని పట్టే కణాలు ఉండవు. అందుకే షేడ్ కార్డులోని అంగుళం ముక్కలను గదికి ఆ చివర గోడకు ఆనించి ఈ చివర నుంచి చూస్తే, రెండు నీలాల తేడా దాదాపు మాయమవుతుంది. అదే తేడా గోడంతా పరుచుకున్నప్పుడు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కార్డు మీద 'రెండూ ఒకటే కదా' అనుకుని ఏదో ఒకటి చెప్పేయడం అందుకే ప్రమాదం.

రెండో కారణం వయసు. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపుబారుతుంది, నీలపు వెలుగును కొంత లోపలికి రానివ్వదు. ఇది నేను ఎక్కడో చదివి వదిలేసిన విషయం. కళ్లముందు చూసింది అమ్మ దగ్గరే. అమ్మకు కుడి కంటి శుక్లం తీసేశారు, ఎడమ కన్నుకు ఇంకా ఆపరేషన్ కాలేదు. రంగు పూసిన రెండు అట్టలను మంచానికి ఎదురుగా నిలబెట్టి చూపించినప్పుడు ఆమె కుడి కన్నును అరచేత్తో మూసుకుంది.

"రెండూ ఒకటే కదమ్మా. రెండింట్లోనూ పాత కాగితం పసుపు ఉంది" అంది.

చెయ్యి మార్చి ఎడమ కన్ను మూసుకుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వేలు చూపిస్తూ, "ఇది నీలిమందు. అది నీళ్ల తొట్టి అడుగు" అంది.

అదే మనిషి, అవే అట్టలు, అదే నిమిషం. అందుకే మీకు నా మొదటి మాట: గది ఎవరిదో, రంగును వాళ్ల కళ్లతోనే చూడనివ్వండి. అమ్మమ్మ గది రంగును మనవరాలు తేల్చకూడదు. మా రెండు నీలాలకు అమ్మ పెట్టిన పేర్లనే ఇక ముందు వాడతాను: నీలిమందు నీలం, తొట్టి నీలం.

మొదటి మెట్టు: వెలుగు ఎటు నుంచి, ఎప్పుడు వస్తుందో రాసుకోండి

కిటికీ ఏ దిక్కుకు ఉందో, ఆ గదిలో మీరు ఏ వేళల్లో ఉంటారో ఒక కాగితం మీద రాయండి. ఈ రెండూ తెలియకుండా దుకాణానికి వెళ్లకండి.

తూర్పు కిటికీ గదికి పొద్దున్న పసుపు వెలుగు, మధ్యాహ్నం నుంచి చల్లని నీడ. పడమటి గదికి మధ్యాహ్నం దాకా నీడ, నాలుగు తర్వాత కాషాయపు ఎండ. ఎండ నేరుగా పడే వేళల్లో ఏ నీలమైనా కాస్త వెచ్చబడుతుంది. ఉత్తరపు గదికి ఎక్కువ భాగం ఆకాశం నుంచి వచ్చే వెలుగే దిక్కు. ఆ వెలుగులోనే నీలం ఉంటుంది కనుక నీలపు గోడ ఇంకా చల్లగా, ఒక్కోసారి బూడిదగా కనిపిస్తుంది.

ఇవి ఎక్కడైనా చెప్పే మాటలే. మన జిల్లాకు ఒక ప్రత్యేకత ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం రెండూ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. అంటే మే రెండో వారం నుంచి జూలై నెలాఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు. ఆ రెండున్నర నెలలు ఉత్తరపు కిటికీకి ఎండ తగులుతుంది, దక్షిణపు కిటికీకి తగలదు. డిసెంబరులో దీనికి పూర్తిగా ఎదురు. సూర్యుడు దక్షిణానికి వాలి, దక్షిణపు కిటికీ గుండా ఎండ గది మధ్య దాకా వస్తుంది.

అరసవల్లిలో ఉదయపు కిరణాలు ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో, స్వామి పాదాలను తాకడం మన అందరికీ తెలిసిందే. ఆ రెండు సమయాల్లో సూర్యుడు దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. మిగతా రోజుల్లో ఉత్తరానికో దక్షిణానికో జరిగిపోతాడు. గర్భగుడికి వర్తించిన లెక్కే మన పడకగది కిటికీకీ వర్తిస్తుంది. డిసెంబరులో దక్షిణపు గదికి రంగు ఎంచుకుంటున్నారంటే, మీరు చూస్తున్నది ఏడాదిలోకెల్లా పసుపు ఎండలో అని గుర్తు పెట్టుకోండి. మే నెలలో అదే గోడకు నీడ వెలుగే మిగులుతుంది. అందుకని దక్షిణపు గదిలో పరీక్ష చేసేటప్పుడు, మధ్యాహ్నం ఒకసారి కర్టెన్ దించి ఎండను ఆపి కూడా చూడండి. వేసవి గది ఎలా ఉంటుందో దాదాపు తెలిసిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. కిటికీ బయట ఏముందో చూడండి. అమ్మ గది కిటికీ ఉత్తరానికే ఉన్నా, ఎదురుగా వేపచెట్టు, దాని వెనక పక్కింటివాళ్ల పసుపు ప్రహరీ ఉన్నాయి. ఎండ ఆ ప్రహరీకి తగిలి, ఆకుల పచ్చదనం కలుపుకుని లోపలికి వస్తుంది. ఉత్తరపు వెలుగు చల్లగా ఉంటుందన్న సూత్రాన్ని ఆ గోడ, ఆ చెట్టు సగం మార్చేశాయి.

రెండో మెట్టు: నీలంలో దాగిన రెండో రంగును బయటికి లాగండి

ఒట్టి నీలం అంటూ పెయింట్ దుకాణంలో దాదాపు ఉండదు. ప్రతి నీలమూ ఎటో ఒకవైపు మొగ్గుతుంది. ఎరుపు వైపు మొగ్గితే వంకాయ పువ్వు, ఆకుపచ్చ వైపు మొగ్గితే నెమలికంఠం, నలుపు కలిస్తే వానమబ్బు. చీరల దుకాణంలో మనవాళ్లు ఈ తేడాలను రెప్పపాటులో పట్టేస్తారు. గోడ రంగు దగ్గర మాత్రం 'లేత నీలం' అని ఒకే మాటతో సరిపెట్టుకుంటారు. చీర చూసే కళ్లతోనే గోడ రంగునూ చూడండి.

దాగిన రంగును పట్టుకోవడానికి మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది, షేడ్ కార్డులో ఆ రంగు ఉన్న వరసలోనే అన్నిటికన్నా ముదురు ముక్కను చూడండి. లేతగా ఉన్నప్పుడు దాక్కున్నది ముదురులో దాక్కోలేదు. రెండోది, రెండు ముక్కలనూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి, మధ్యలో స్కేలంత తెలుపు వదలండి. ఒక్కొక్కటి విడిగా చూస్తే రెండూ నీలమే. పక్కపక్కన పెడితే ఒకటి ఊదాగా, మరొకటి పచ్చగా విడిపోతాయి. మూడోది, దుకాణదారును అడగడం. మిషన్ తెల్లటి బేస్‌లోకి కొలత ప్రకారం నీలం, నలుపు, ఊదా, పచ్చ వంటి రంగు ద్రవాలు వదులుతుంది. ఏ షేడ్‌లో ఏవి పడతాయో కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. చూపించమంటే చాలామంది చూపిస్తారు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. వెల్లలోనూ బట్టలకూ వాడిన నీలిమందు ఎక్కువగా అల్ట్రామెరీన్ అనే వర్ణకం, ఎరుపు వైపు మొగ్గే నీలం. సున్నపు క్షారాన్ని అది తట్టుకుంటుంది. అందుకే వెల్లలో కలిపినా విరగకుండా నిలిచేది. ప్రష్యన్ నీలాన్ని అలా సున్నంలో కలిపితే క్షారానికి చెడిపోతుంది. పేరు తెలియకపోయినా, సున్నంలో నిలిచే నీలమేదో మన పాతవాళ్లు సరిగ్గానే ఎంచుకున్నారు.

ఆ ఎరుపు మొగ్గే మా ముందు గదిని ముంచింది కూడా. వెచ్చని పసుపు దీపాల్లో నీలపు వెలుగు తక్కువ, ఎరుపు ఎక్కువ. అలాంటి దీపాల కింద నీలిమందు జాతి నీలాల్లో ఉన్న కాస్త ఎరుపు పైకి తేలి ఊదాగా కనిపిస్తుంది. మా ముందు గది ఫాల్స్ సీలింగులో ఉన్నవన్నీ పసుపు బల్బులే. దుకాణంలో వెలుగుతున్నవి తెల్లని ట్యూబ్‌లైట్లు. రెండు రంగులు ఒక వెలుగులో ఒకటిగా, ఇంకో వెలుగులో వేరువేరుగా కనబడటం కూడా ఇలాంటిదే. దుకాణంలో మనం చూస్తున్నది ఎన్నో వెలుగుల్లో ఒక్కదాన్నే.

మూడో మెట్టు: మార్చలేనివి ముందు

నేల, తలుపులు, మంచం, బీరువా. ఇవి మారవు కనుక రంగే వీటికి ఒదగాలి. క్రీమ్ రంగు టైల్స్ పక్కన ఏ నీలమైనా మరింత నీలంగా కనిపిస్తుంది, ఎందుకంటే పసుపు పక్కన నీలం రెచ్చుతుంది. ఎర్రటి గచ్చు ఉన్న పాత ఇళ్లలో పచ్చ మొగ్గు ఉన్న నీలం ఇంకా పచ్చబడుతుంది. బూడిద రంగు గ్రానైట్ నేల అయితే మబ్బు నీలాలు నేలలో కలిసిపోయి గది దిగులుగా అనిపిస్తుంది. అమ్మ గదిలో క్రీమ్ టైల్స్, టేకు తలుపు, పొందూరు ఖద్దరు కర్టెన్లు ఉన్నాయి. ఆ ఖద్దరు తెలుపు పాలతెలుపు కాదు, మీగడ తెలుపు. ఈ మూడూ వెచ్చనివి కనుక గోడ నీలానికి ఊతమిస్తాయి.

సీలింగ్ తెలుపును కూడా ఇప్పుడే తేల్చుకోండి. నీలపు గోడల పైన క్రీమ్ సీలింగ్ మురికి పట్టినట్టు కనిపిస్తుంది. శుభ్రమైన తెలుపు వేయించండి.

నాలుగో మెట్టు: అంకె చూడండి

ప్రతి షేడ్‌కూ కాంతి పరావర్తన విలువ అని ఒక అంకె ఉంటుంది. దుకాణంలో ఎల్ఆర్‌వీ అంటారు. సున్నా అంటే కటిక నలుపు, వంద అంటే పూర్తి తెలుపు. మీ రెండు నీలాల అంకెల మధ్య తేడా రెండు మూడు ఉంటే దాన్ని వదిలేసి, మొగ్గు మీదే దృష్టి పెట్టండి. తేడా ఏడెనిమిది దాటితే మీరు పోలుస్తున్నవి నిజానికి దగ్గరి రంగులు కావు, ఒకటి గదిని బాగా చీకటి చేస్తుంది. ఒకే చిన్న కిటికీ ఉన్న గదికి యాభైకి తగ్గిన నీలం నేనైతే వేయించను.

ఐదో మెట్టు: గోడ మీద కాదు, అట్టల మీద పూయండి

చాలామంది పెయింటర్లు గోడ మీదే రెండు గీతలు గీసి "చూసుకోండి" అంటారు. పాత గోడ పసుపుదైతే దాని మధ్య గీసిన నీలం ఉన్నదానికన్నా ఎక్కువ నీలంగా కనిపిస్తుంది. పాత గోడ నీలమైతే కొత్తది వెలవెలబోతుంది. పైగా ఆ గీత ఉన్నచోటే ఉంటుంది, కిటికీ పక్కకో బీరువా వెనక్కో జరపలేం.

అందుకని రెండడుగుల చదరం గట్టి అట్టలో ప్లైవుడ్ ముక్కలో నాలుగు తీసుకోండి, రంగుకు రెండు. ముందు తెల్ల ప్రైమర్ వేసి, ఆరాక రంగు రెండు పూతలు వేయండి. పూతకు పూతకు మధ్య కనీసం నాలుగు గంటలు ఆగాలి, గాలిలో తేమ ఎక్కువున్న రోజైతే ఇంకా ఎక్కువ. అంచుల్లో రెండంగుళాలు తెల్లగానే వదిలేయండి. ఆ తెలుపు అంచు లేకపోతే పాత గోడ రంగు మీ తీర్పులోకి చొరబడుతుంది. అట్ట వెనక పెన్నుతో షేడ్ నంబరు రాయండి. ముందువైపు రాయకండి, పేరు చూస్తే కన్ను మొహమాటపడుతుంది. శాంపిల్ డబ్బా 200 మిల్లీలీటర్లది దొరికితే ఈ పని అంతటికీ సరిపోతుంది.

పూసిన వెంటనే చూసి తీర్పు చెప్పకండి. సున్నం తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి ఆరాక తేలిపోతుంది. నీళ్లు కలిపి వేసే ఇప్పటి గోడ రంగు, అంటే ఎమల్షన్, అందుకు ఎదురు. తడిలో పాలు కలిసినట్టు లేతగా ఉండి, ఆరాక ముదురుతుంది. సున్నానికి అలవాటు పడిన కళ్లు ఇక్కడ తరచూ మోసపోతాయి. 'ఆరితే తేలుతుందిలే' అని ఒక మెట్టు ముదురు ఎంచుకున్నవాళ్ల ఇళ్లు నాకు తెలుసు. ఒక రోజంతా ఆరనివ్వండి.

ఇక, నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన పని ఒకటి చెబుతాను. రెండు ఖాళీ అట్టపెట్టెలు తీసుకుని, ఒక్కో పెట్టె లోపలి గోడలన్నిటికీ ఒక్కో నీలం పూయండి. అడుగున మీ నేల రంగు కాగితమో గుడ్డో పరచండి. పైమూతను తెల్లగా ఉంచి, ఒక పక్క గోడకు కిటికీలా కోత పెట్టండి. ఇంకో పక్క చిన్న రంధ్రం చేసి లోపలికి చూడండి. గదిలో వెలుగు ఒక గోడ నుంచి ఇంకో గోడకు తగిలి, తగిలిన ప్రతిసారీ మరికాస్త నీలం పులుముకుంటుంది. అందువల్లే నాలుగు గోడలకూ వేసిన నీలం ఒక్క అట్ట మీద ఉన్న నీలం కన్నా చిక్కగా కనిపిస్తుంది. పెట్టెలో చూసినప్పుడు మా నీలిమందు నీలం అనుకున్నదానికన్నా బాగా చిక్కగా ఉంది. అదే వరసలో ఒక మెట్టు లేత రంగు తెచ్చి మళ్లీ పూశాం. ఆ పెట్టె లేకపోయి ఉంటే ఆ సంగతి నాలుగు గోడలకూ వేశాకే తెలిసేది.

ఆరో మెట్టు: గడియారం చూసి, పుస్తకంలో రాసి, తేల్చండి

ముందు బల్బు సంగతి. రంగు కన్నా ముందు దీపం ఖాయం చేసుకోండి. బల్బు పెట్టె మీద 6500 కె అని ఉంటే తెల్లని చల్లని వెలుగు, మన ఇళ్లలో ట్యూబ్‌లైట్లు ఎక్కువగా ఇవే. 4000 మధ్యస్థం, 3000, 2700 పసుపు. నీలిమందు జాతి నీలం తెల్లని వెలుగులో నీలంగా నిలుస్తుంది, పసుపులో ఊదాకు జారుతుంది. తొట్టి నీలం లాంటివి పసుపు వెలుగులో ఆకుపచ్చకు జారతాయి. రంగు వేయించాక దీపాలు మార్చడమంటే రంగును కూడా మార్చినట్టే.

ఇప్పుడు ఒక్కో రంగు అట్టల్లో ఒకదాన్ని కిటికీ ఉన్న గోడకు, రెండోదాన్ని దాని ఎదుటి గోడకు నిలబెట్టండి. కిటికీ ఉన్న గోడకు వెలుగు నేరుగా తగలదు, అక్కడ ప్రతి రంగూ ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. ఒక మూలలో రెండు గోడలకూ ఒకే రంగు అట్టలు ఆనించి చూడటం కూడా మంచిది. పడుకునే గది అయితే మంచం మీద పడుకునే చూడండి.

రోజూ నాలుగు వేళలు: పొద్దున్న ఏడు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం నాలుగు, రాత్రి దీపాల కింద ఎనిమిది. ప్రతిసారీ ఒక్కో అట్టకు ఒక్క మాటే రాయండి. 'బాగుంది' అని రాయకండి, రంగు పేరు రాయండి: ఆకాశం, ఊదా, బూడిద, పచ్చ. మూడు రోజులు సరిపోతుంది, అందులో ఒక మబ్బు రోజు ఉంటే ఇంకా మంచిది. మేము మబ్బు రోజు కోసమే వారం ఆగాం. మా పుస్తకంలో తొట్టి నీలం కింద మధ్యాహ్నం పన్నెండుకు ఎండ ఉన్న మూడు రోజులూ 'పచ్చ', 'పచ్చ', 'నాచు' అని ఉంది. వేపాకుల వెలుగు పట్టిస్తున్నది దాన్నే. మబ్బు రోజు ఆ ప్రహరీ మీద ఎండ లేదు, ఆ ఒక్క పూటే అది నీలంగా నిలిచింది. నీలిమందు నీలం కింద ఒక్క నాలుగు గంటలప్పుడే 'బూడిద' ఉంది, తక్కిన వేళలన్నీ 'నీలం' లేదా 'ఆకాశం'.

అసుర సంధ్య వేళ, దీపం పెట్టక ముందు మాత్రం తీర్పు చెప్పకండి. వెలుగు బాగా తగ్గినప్పుడు మన కంటికి ఎరుపులు నల్లబడి నీలాలు వెలిగినట్టు కనిపిస్తాయి. పర్కింజీ అనే చెక్ శాస్త్రవేత్త పేరుతో దీన్ని పిలుస్తారు. ఆ పది నిమిషాల్లో ప్రతి నీలమూ అద్భుతంగానే ఉంటుంది. ఫోను ఫొటో పంపించి హైదరాబాదులో ఉన్న అక్కను అడగడం కూడా ఇంతే. కెమెరా తనంతట తానే తెలుపును సరిచేస్తుంది. అక్క చూసేది మీ గోడను కాదు, ఫోను లెక్కగట్టిన గోడను.

రాసిన మాటలు లెక్కపెట్టండి. గదిలో మీరు ఎక్కువసేపు ఉండే వేళకు ఎక్కువ విలువ ఇవ్వండి. అమ్మ ఆ గదిలో ఉండేది పొద్దున్న పేపరు చదివేటప్పుడు, రాత్రి ఏడు నుంచి పది దాకా ట్యూబ్‌లైటు కింద. నాలుగు గంటలకు ఆమె వీధి అరుగు మీద ఉంటుంది. కనుక ఆ ఒక్క 'బూడిద'ను పక్కన పెట్టేశాం. నీలిమందు నీలమే ఖాయమైంది.

లెక్క సమానంగా వస్తే? మూడు రోజులు చూశాక కూడా రెండూ ఒకేలా ఉంటే, మీ గదిలో వాటి మధ్య నిజంగానే తేడా లేదు. అంకె ఎక్కువున్నది, అంటే లేతది తీసుకోండి. ఇంట్లో ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి అంటే, ఆ గదిలో నిద్రలేచే మనిషి మాటే ఆఖరు. రెండింటినీ కలిపి మధ్యరకం చేయిద్దామనే ఆలోచన మాత్రం వద్దు. తర్వాత ఎప్పుడైనా ఒక చోట గీత పడితే ఆ రంగు మళ్లీ పుట్టదు.

ఏడో మెట్టు: కొనడం, వేయించడం

షేడ్ నంబరు, పేరు, ఏ రకం ఎమల్షన్, మ్యాట్ ఫినిషా మెరుపుదా, అన్నీ రాసుకుని వెళ్లండి. ఒకే నంబరు మ్యాట్‌లో మెత్తగా, మెరుపు రకంలో కాస్త ముదురుగా కనిపిస్తుంది. మెరుపు రకం గోడలోని తాపీ వంకరలను కూడా చూపిస్తుంది. శాంపిల్ ఏ రకంలో చూశారో అదే కొనండి. ఒక కంపెనీ నంబరును ఇంకో కంపెనీ రంగులో 'అచ్చం అలాగే' కలిపిస్తామంటే ఒప్పుకోకండి. ఒక వెలుగులో అచ్చంగానే ఉంటుంది, రెండో వెలుగులో బయటపడుతుంది. ఇన్ని రోజుల పరీక్ష నీళ్లపాలవుతుంది.

ఎంత కావాలో లెక్క ఇలా. పది బై పన్నెండు అడుగుల గది, ఎత్తు పది అడుగులైతే నాలుగు గోడల చుట్టుకొలత 44 అడుగులు, విస్తీర్ణం 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 400. మామూలు ఎమల్షన్ లీటరు రెండు పూతలకు 120 చదరపు అడుగులు వస్తుందనుకుంటే మూడున్నర లీటర్లలోపు సరిపోతుంది, అంటే నాలుగు లీటర్ల డబ్బా ఒకటి. పెద్ద గదికి రెండు మూడు డబ్బాలు కావాల్సివస్తే అన్నీ ఒకేసారి కలిపించుకోండి, ఇంటికొచ్చాక పెద్ద బకెట్టులో అన్నిటినీ పోసి ఒకటిగా కలపండి. డబ్బాకు డబ్బాకు వెంట్రుకవాసి తేడా ఉన్నా, లేత నీలంలో గోడ మధ్యలో అది గీతలా తేలుతుంది.

గోడ ఆరిందో లేదో చూడకుండా రంగు మొదలుపెట్టకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లా తీరం దాటిన తర్వాత గోడల్లో చెమ్మ ఎన్నాళ్లు నిలిచిందో చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు పక్కలా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. వెనక నీటి ఆవిరి పట్టిందంటే ఆ గోడ ఇంకా ఆరలేదు. చెమ్మ గోడ మీద లేత నీలం మరకలు మరకలుగా తేలి, ఉప్పు పూసి, తెల్లటి పెచ్చులు లేస్తుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి, లేకపోతే సిమెంటు క్షారం రంగును అక్కడక్కడ తినేస్తుంది.

ఇక నీళ్లు. ఎమల్షన్‌లో ఎన్ని నీళ్లు కలపాలో డబ్బా మీద రాసి ఉంటుంది. అంతకు మించితే పూత పలచబడి, మీరు అట్ట మీద చూసిన నీలం గోడ మీదికి రాదు. మా పెయింటర్ పెద్దాయన, ఈ పనిలో తలపండిన మనిషి. కలిపేటప్పుడు నేను కొలత గ్లాసు పట్టుకుని పక్కన నిలబడితే కోప్పడలేదు. "మీరు చూస్తుంటే మంచిదేనమ్మా, నా కుర్రాళ్లకూ అలవాటవుతుంది" అన్నాడు. మొదటి పూత ఒక గోడకు వేసి, ఆరాక అట్టను దాని పక్కన పెట్టి చూసి, ఆ తర్వాతే మిగతా మూడు గోడలకు వెళ్లాం. ఈ ఒక్క పూట ఆగడానికి పెయింటర్‌ను ముందే ఒప్పించండి, కూలి మాట్లాడుకునేటప్పుడే చెప్పేయండి.

మిగిలిన రంగును చిన్న గట్టిమూత డబ్బాలోకి నిండుగా వంచి, పైన షేడ్ నంబరు, గది, తేదీ రాసి, ఎండ తగలని చోట పెట్టండి. గీతలు పడితే అద్దుకోవడానికి పనికొస్తుంది. పరీక్షకు వాడిన అట్టల్లో ఖాయమైన రంగుదాన్ని పారేయకండి. మాది అమ్మ బీరువా వెనక ఉంది. మొన్న ఉగాదికి కొత్త దుప్పటి కొనడానికి వెళ్లేముందు అమ్మ దాన్ని బయటికి తీయించి, అంచు నుంచి అరచేతంత ముక్క కోయించి, సంచీలో పెట్టుకుని దుకాణానికి తీసుకెళ్లింది.